చేతి కుర్చీయా, బ్యాటరీ కుర్చీయా? కూర్చునే మనిషిని అడిగి తేల్చుకుందాం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో దివ్యాంగుల సంఘాల ప్రతినిధి చేసిన ప్రసంగ పాఠం)

మన మండలంలోని దివ్యాంగుల సంఘాల తరఫున మాట్లాడమని నన్ను పిలిచారు. నాకు చిన్నతనంలో పోలియో వచ్చింది. ఇరవై రెండేళ్లుగా చక్రాల కుర్చీలోనే ఉంటున్నాను. చేతి మిషను మీద బ్లౌజులు కుట్టి బతుకుతున్నాను.

ఇప్పటిదాకా పొదుపు గురించి, అప్పుల వసూలు గురించి, మార్కెటింగ్ గురించి మాట్లాడారు. మధ్యలో ఈ చక్రాల కుర్చీ సంగతేమిటని కొందరికి అనిపించొచ్చు. కారణం చెబుతాను. ఈ ఏడాది మన గ్రామ సంఘాలకు కుర్చీ కోసం అప్పు కావాలని అర్జీలు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ రెండు ప్రశ్నలు లేచాయి. “చేతి కుర్చీ ఏడెనిమిది వేలకు దొరుకుతుంటే, అంత డబ్బు పోసి బ్యాటరీ కుర్చీ ఎందుకమ్మా?” అనేది మొదటిది. “దీని మీద ఆదాయం ఏం వస్తుంది, వాయిదా ఎట్లా కడతారు?” అనేది రెండోది.

రెండూ అడగాల్సినవే. సంఘం డబ్బు మనందరి పొదుపు. లెక్క అడక్కుండా ఎవరికీ ఇవ్వకూడదు. కాకపోతే గేదెకు అప్పు ఇచ్చేటప్పుడు ఎన్ని లీటర్లు ఇస్తుంది, మేత ఎక్కడ, కొట్టం ఉందా అని వరసగా అడగడం మనకు వచ్చు. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఏం అడగాలో తెలియక ధర ఒక్కటే చూస్తున్నాం. ఏమేం అడగాలో చెప్పడానికే నేను వచ్చాను.

మన ఊళ్లో ఎంతమందికి కావాలి?

జనాభాలో సుమారుగా వందకు ఒకరికి చక్రాల కుర్చీ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో అంచనా చెప్పింది. ఆ లెక్కన మూడు వేల జనాభా ఉన్న ఊళ్లో ముప్పై మంది ఉండాలి. మీ ఊళ్లో కుర్చీలో బయట తిరిగేవాళ్లు ఎంతమంది కనపడుతున్నారో మనసులో లెక్క పెట్టుకోండి. ఇద్దరా, ముగ్గురా? మిగతావాళ్లు లోపలి గదుల్లో మంచాల మీద ఉన్నారు. ఇంటికి చుట్టం వస్తే తలుపు దగ్గరికి వేస్తారు చూడండి, ఆ గదుల్లో.

పోలియో మన దేశంలో పోయింది. చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014లో దేశాన్ని పోలియో లేనిదిగా ప్రకటించారు. ఇప్పుడు కుర్చీ కావాల్సినవాళ్లు వేరు. పక్షవాతం వచ్చిన మామగారు ఉన్నారు. షుగరుతో కాలు తీసేసిన అత్తమ్మ ఉంది. తాడిచెట్టు మీద నుంచి పడిన గీత కార్మికుడు, బైకు ప్రమాదంలో నడుము విరిగిన కుర్రాడు, పుట్టుకతోనే మెదడు పక్షవాతం ఉన్న పిల్ల, ఏటికేడు కండరాలు సన్నగిల్లిపోయే పిల్లవాడు ఉన్నారు. ఇంతమందికీ ఒకే కొలత కుర్చీ ఇచ్చి పంపితే ఏమవుతుందో మనకు తెలుసు. నెల రోజులకు ఆ కుర్చీ మీద తువ్వాళ్లు ఆరేసి ఉంటాయి. మనిషి మళ్లీ మంచం మీద ఉంటాడు.

రెండు కుర్చీల సంగతి

చేతి కుర్చీ అంటే వెనక పెద్ద చక్రాలు, వాటి పక్కన రింగులు ఉండేది. ఆ రింగులు పట్టుకుని మనంతట మనమే తోసుకోవచ్చు, వెనక నుంచి ఇంకొకరు తోయొచ్చు. ఆసుపత్రుల్లో మనం చూసే మడత కుర్చీ పదిహేను నుంచి ఇరవై కిలోలు ఉంటుంది. ఆ ఇనుప కుర్చీ పద్ధతి 1930ల్లో అమెరికాలో ఎవరెస్ట్, జెన్నింగ్స్ అనే ఇద్దరు స్నేహితులు తయారు చేసింది. ఎవరెస్ట్‌కు గని ప్రమాదంలో నడుం దెబ్బతింది. కారులో వేసుకుపోవడానికి మడత పడే కుర్చీ కావాలనుకున్నాడు. అంటే తన రోజు ఎట్లా గడవాలో తేల్చుకున్నాకే కుర్చీ తయారైంది.

బ్యాటరీ కుర్చీలో రెండు మోటార్లు, బ్యాటరీ, చేతి దగ్గర చిన్న పుల్లలాంటి జాయ్‌స్టిక్ ఉంటాయి. పుల్లను ఎటు వంచితే కుర్చీ అటు పోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మెడ దెబ్బతిని చేతులు కూడా ఆడని సైనికుల కోసం కెనడాలో జార్జ్ క్లైన్ అనే ఇంజనీరు ఇలాంటి దాన్ని తయారు చేశారు. పాత రకం సీసం బ్యాటరీలున్న కుర్చీ నలభై, యాభై కిలోల పైనే ఉంటుంది. లిథియం బ్యాటరీతో మడిచే రకాలు తేలిక, ధర ఎక్కువ. అరవై, డెబ్బై వేల దగ్గర మొదలైన ధర లక్ష దాటి కూడా పోతుంది.

వీటిలో ఏది మంచిదని నన్ను చాలామంది అడుగుతారు. చీరల్లో ఏది మంచిదంటే ఏం చెబుతాం? పొలానికా, పెళ్లికా అని తిరిగి అడుగుతాం. కుర్చీకైతే నాలుగు సంగతులు అడగాలి. మనిషి ఒళ్లు, ఇల్లూ దారీ, తోసే చేతులు, కొన్నాక అయ్యే ఖర్చు.

మొదటిది: ఒళ్లు

అన్నిటికంటే ముందు చేతులు చూడాలి. ఒకే ఊళ్లో ఇద్దరు గీత కార్మికులు చెట్టు మీద నుంచి పడ్డారు. ఒకాయనకు నడుము దగ్గర వెన్నుపూస దెబ్బతింది. కాళ్లు పోయాయి గానీ చేతులు, భుజాలు ఉక్కులాగా ఉన్నాయి. ఆయనకు కొలతకు సరిపోయిన తేలికపాటి చేతి కుర్చీ చాలు. నెలలోనే ఊరంతా తిరిగాడు. రెండో ఆయనకు మెడ దగ్గర దెబ్బ. చేయి లేస్తుంది గానీ వేళ్లు పట్టవు. ఆయనకు చేతి కుర్చీ ఇస్తే రోజంతా ఎక్కడ పెడితే అక్కడే ఉండాలి. జాయ్‌స్టిక్ మాత్రం అరచేత్తో నెట్టగలడు. ఆయనకు బ్యాటరీ కుర్చీ అవసరం. ఇద్దరూ పడింది తాడిచెట్టు మీద నుంచే. కావాల్సిన కుర్చీలు వేరు.

పక్షవాతం వచ్చినవాళ్లకు ఒక చేయి, ఒక కాలు పనిచేస్తాయి. సీటు కొంచెం కిందికి ఉండి, బాగున్న పాదం నేలకు పూర్తిగా ఆనితే, ఆ వైపు పాదం పలక తీసేసి, ఒక చేత్తో తోస్తూ ఒక కాలితో నెట్టుకుంటూ ఇంట్లో తిరగొచ్చు. బ్యాటరీ కుర్చీ అయితే జాయ్‌స్టిక్ పనిచేసే చేతి వైపు బిగించమని ముందే చెప్పాలి. ఇంకొక సంగతి. పక్షవాతం తర్వాత కొంతమందికి ఒక పక్కన ఉన్నవి గమనానికి రావు. కంచంలో సగం అన్నం అలాగే వదిలేస్తారు, ఆ పక్క తలుపుకు గుద్దుకుంటారు. అలాంటివాళ్ల చేతికి మోటారు ఇచ్చి రోడ్డు మీదికి పంపడం ప్రమాదం. ఫిజియోథెరపిస్టుకు చూపించి, ఆయన సరేనన్నాకే ఇవ్వాలి.

మోకాలి పైదాకా కాళ్లు తీసేసినవాళ్లకు ముందు వైపు బరువు ఉండదు. మామూలు కుర్చీలో ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి తిరగబడతారు. వెనక చక్రాలు ఇంకొంచెం వెనక్కి జరిపి బిగించాలి, లేదా వెనక్కి పడకుండా ఆపే చిన్న చక్రాలు పెట్టించుకోవాలి.

ఇక నాలాంటి పాత కాపులకు ఒక మాట. చేతి కుర్చీ తోసుకోవడం మంచి పనే, ఒంట్లో కదలిక ఉంటుంది. ఏళ్ల తరబడి తోసినవాళ్లలో చాలామందికి భుజాల నొప్పి వస్తుంది. మనకు భుజాలే కాళ్లు. మంచం మీదికి జరగాలన్నా, స్నానాల పీట మీదికి మారాలన్నా వాటి మీదే. నాకు రెండేళ్లుగా కుడి భుజం లాగుతోంది. అందుకే ఇంట్లో, మిషను దగ్గర చేతి కుర్చీయే వాడుతూ, రోడ్డు ప్రయాణానికి మోటారు పెట్టుకోవాలని నిర్ణయించుకున్నాను. ఇరవై ఏళ్ల వయసులో ఒప్పిన కుర్చీ నలభై ఐదులో ఒప్పకపోవచ్చు. అందులో సిగ్గు పడాల్సిందేమీ లేదు, బద్ధకం అంతకంటే కాదు.

రెండోది: ఇల్లూ, దారీ

కుర్చీ కొనే ముందు ఒక టేపు తీసుకుని ఇంట్లో తిరగండి. టేపు లేకపోతే నా దగ్గరికి రండి, కుట్టుపని టేపు ఇస్తాను. మామూలు మడత కుర్చీ వెడల్పు 25, 26 అంగుళాలు ఉంటుంది. చేత్తో తోసుకునేవాళ్లకు వేళ్లు నలగకుండా ఇంకో రెండు మూడు అంగుళాలు కావాలి. మన ఇళ్లలో బాత్‌రూం తలుపు చాలాచోట్ల రెండడుగులే ఉంటుంది. కుర్చీ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. కుర్చీ అక్కడికక్కడే గుండ్రంగా తిరగాలంటే సుమారు ఐదడుగుల జాగా ఉండాలి. వంటగదిలో గ్యాసుబండ, బియ్యం డబ్బా పక్కకు జరిపితే ఆ జాగా దొరుకుతుందేమో చూడండి.

గడప సంగతి. పసుపు రాసి బొట్టు పెట్టే గడపను కొట్టించమని నేను చెప్పను. గడపకు అటూ ఇటూ చెక్కతో చిన్న వాలు చేయించి వేసుకోవచ్చు, పండగపూట తీసి పక్కన పెట్టుకోవచ్చు. బయట మెట్లున్నచోట వాలు దారి కట్టాలి. ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు ఉండాలని లెక్క. అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగులు. జాగా లేదని నిటారుగా కడితే చేతి కుర్చీ ఎక్కదు, బ్యాటరీ కుర్చీ ఎక్కినా దిగేటప్పుడు ముందుకు తూలుతుంది.

దారి చూడండి. మీ ఇంటి నుంచి రోడ్డు దాకా సిమెంటు ఉందా, మట్టా, ఇసుకా? మధ్యలో కాలువ మీద పలక ఉందా? ఇసుకలో, వానాకాలం బురదలో చేతి కుర్చీ ముందు చక్రాలు కూరుకుపోతాయి. బ్యాటరీ కుర్చీ కూరుకుపోతే ఇంకా కష్టం. యాభై కిలోల కుర్చీ, అందులో మనిషి, ఎత్తడానికి నలుగురు కావాలి. చేతి కుర్చీని మడిచి ఆటో వెనకాల కట్టుకోవచ్చు, ఇద్దరు పట్టుకుని మూడు మెట్లు ఎక్కించొచ్చు. బరువైన బ్యాటరీ కుర్చీని బస్సులో వేసుకుపోలేం. అందుకని ఊళ్లోనే స్కూలు, దుకాణం, సంఘం, గుడి తిరగాలనుకునేవాళ్లకు, దారి బాగుంటే బ్యాటరీ కుర్చీ ఎంతో మేలు. వారానికి రెండుసార్లు పట్నం ఆసుపత్రికి పోయేవాళ్లకు మడిచే తేలిక కుర్చీ కావాలి.

మూడోది: తోసే చేతులు

ఈ మాట ఆడవాళ్ల సభలోనే చెప్పగలను. కుర్చీలో కూర్చునేది ఎవరైనా, వెనక నుంచి తోసేది చాలా ఇళ్లలో భార్యో, తల్లో, కోడలో, బడి మానేసిన ఆడపిల్లో. అరవై కిలోల మనిషిని ఇరవై కిలోల కుర్చీలో పెట్టి మట్టి దారిలో తోస్తే ఆమె నడుము ఏమవుతుంది? ఆ లెక్క ఏ దరఖాస్తులోనూ రాయరు.

“ఆదాయం ఏం వస్తుంది” అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. భర్తను బాత్‌రూంకి, ఎండలోకి, నీడలోకి, ఆసుపత్రికి తోయడం కోసం ఒక చెల్లెలు నెలకు పది రోజులు కూలి మానుకుంటోందనుకోండి. రోజుకు 300 రూపాయలు వేసుకున్నా నెలకు 3,000, ఏడాదికి 36,000. ఆయనంతట ఆయనే తిరగగలిగే కుర్చీ వస్తే ఆ పది రోజుల్లో సగం మిగిలినా ఏడాదికి 18,000 ఇంటికి వస్తాయి. ఆయన అరుగు మీద చిన్న కొట్టు పెట్టుకుంటే అది అదనం. గేదె లెక్క ఎంత గట్టిదో ఈ లెక్కా అంతే గట్టిది.

తోసే మనిషి అవసరం ఎలాగూ ఉన్న ఇళ్లూ ఉంటాయి. మతిమరుపు వచ్చిన ముసలమ్మకు బ్యాటరీ కుర్చీ ఇచ్చి ఉపయోగం లేదు. ఆమెకు తేలిక చేతి కుర్చీ, తోసేవాళ్ల ఎత్తుకు సరిపోయే హ్యాండిళ్లు, వాళ్ల చేతికి అందే బ్రేకులు కావాలి. ఆ ఇంట్లో తోసే మనిషిని కూడా అడిగి కొనాలి.

నాలుగోది: కొన్నాక అయ్యే ఖర్చు

చేతి కుర్చీకి పంక్చరైతే సైకిలు షాపులో వేస్తారు. పుల్ల విరిగితే అక్కడే మారుస్తారు. చక్రాల్లో గాలి తగ్గితే బ్రేకు కూడా సరిగా పట్టదు, కాబట్టి వారానికోసారి గాలి చూసుకోవాలి. ముందు చిన్న చక్రాల ఇరుసులకు వెంట్రుకలు, దారాలు చుట్టుకుంటాయి. నాలాగా కుట్టుపని చేసేవాళ్లయితే ప్రతి ఆదివారం బ్లేడుతో కోసి తీయాల్సిందే. చీరకొంగు, చున్నీ పుల్లల్లో చుట్టుకోకుండా చక్రానికీ సీటుకూ మధ్య అడ్డు పలకలు ఉన్నాయో లేదో కొనేటప్పుడే చూడండి.

బ్యాటరీ కుర్చీ రాత్రంతా, అంటే ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఛార్జింగు పెట్టాలి. పూర్తిగా అయిపోయేదాకా వాడి నెలల తరబడి మూల పెడితే బ్యాటరీ చచ్చిపోతుంది. సీసం బ్యాటరీలు ఏడాదిన్నర, రెండేళ్లకు మార్చాల్సి వస్తుంది, వేలల్లో ఖర్చు. అప్పు తీసుకున్న రోజు నుంచే నెలకు మూడు నాలుగు వందలు బ్యాటరీ పేరుతో విడిగా పొదుపు చేయమని నా సలహా. జాయ్‌స్టిక్‌లో నీళ్లు పోతే రిపేరు సైకిలు షాపు వల్ల కాదు. వానలో పాలిథిన్ సంచి కప్పండి, ఆ కుర్చీలో స్నానం మాత్రం చేయించకండి. స్నానానికి వేరే ప్లాస్టిక్ కుర్చీ పెట్టుకోవాలి.

దారిలో బ్యాటరీ అయిపోతే మోటారు దగ్గర ఒక మీట ఉంటుంది. దాన్ని తిప్పితే చక్రాలు వదులై చేత్తో తోయొచ్చు. ఆ మీట తిప్పాక కుర్చీ దానంతట అది ఆగదు. వాలు దారిలో మాత్రం ఎప్పుడూ తిప్పొద్దు. అమ్మేవాళ్లను మూడు సంగతులు అడగండి: మెకానిక్కు ఏ ఊరి నుంచి వస్తాడు, విడిభాగాలు ఎన్నాళ్లకు వస్తాయి, కుర్చీ షెడ్డులో ఉన్నన్నాళ్లూ మనిషి ఎందులో కూర్చోవాలి. మూడోదానికి జవాబు మీ దగ్గరే ఉండాలి. బ్యాటరీ కుర్చీ కొన్నా పాత చేతి కుర్చీని అమ్ముకోకండి.

ఏ కుర్చీ అయినా తప్పనివి

కొలత లేకుండా జాకెట్టు కుట్టం. కుర్చీకీ కొలతలున్నాయి. తుంటి వెడల్పుకు సీటు సరిపోవాలి, మనిషి పక్కకు జారేంత ఖాళీ ఉండకూడదు. మోకాలి వెనక, సీటు అంచుకూ కాలికీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. పాదం పలక నేలకు రెండు అంగుళాల పైన ఉండాలి. తనంతట తాను తోసుకునేవాళ్లకు వీపు ఆనే గుడ్డ, రెక్క ఎముకలకు అడ్డం రాకుండా వాటి కిందికే ఉండాలి. చేతుల పలకలు, పాదం పలకలు తీసేసే వీలుంటే మంచం మీదికి జరగడం తేలిక. ఆ వీలు ఉన్న కుర్చీ అయితే ఎత్తి దించే ఆడవాళ్ల నడుములు కూడా బతుకుతాయి.

అన్నిటికంటే ముఖ్యం కింద వేసుకునే మెత్త. వెన్ను దెబ్బతిన్నవాళ్లకు కింద స్పర్శ ఉండదు. ఒకే చోట ఒత్తిడి పడి ఎర్రగా కందుతుంది, తర్వాత పుండవుతుంది, అది ఎముకదాకా పోయి ప్రాణం మీదికి వస్తుంది. లక్ష రూపాయల కుర్చీలో కూర్చున్నా మెత్త సరైనది లేకపోతే పుండు పడుతుంది. ప్రతి ఇరవై, ముప్పై నిమిషాలకు చేతుల మీద లేవడమో, ముందుకో పక్కకో వంగడమో ఒకటి రెండు నిమిషాలు చేయాలి. చేతులు లేనివాళ్లను ఇంకొకరు వంచాలి. రోజూ పడుకునే ముందు ఇంట్లోవాళ్లు చూడాలి, ఎరుపు కనపడితే అది తగ్గేదాకా ఆ చోట బరువు పడనివ్వకూడదు.

మధ్య దారులు కూడా ఉన్నాయి

రెండింటిలో ఒకటే అనుకోనక్కర్లేదు. మన పల్లెల్లో చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిలు ఎప్పటి నుంచో ఉంది. ఇంట్లోకి రాదు గానీ రోడ్డు మీద కుర్చీ కంటే బాగా పోతుంది. బ్యాటరీ మూడు చక్రాల బండ్లూ వచ్చాయి. మద్రాస్ ఐఐటీలో పుట్టిన నియోమోషన్ అనే సంస్థ 2021లో చేతి కుర్చీ ఒకటి, దానికి ముందు తగిలించుకునే మోటారు చక్రం ఒకటి తెచ్చింది. తగిలిస్తే రోడ్డు మీద బండిలా పోతుంది, ఒక ఛార్జింగుకు 25 కిలోమీటర్ల దాకా అని వాళ్లు చెబుతారు. ఇంటికొచ్చాక ఊడదీస్తే మామూలు చేతి కుర్చీ. చేతులు బాగున్నవాళ్లకు ఇలాంటివి పనికొస్తాయి. వేళ్లు పట్టనివాళ్లకు పనికిరావు.

సర్కారు సాయం తీసుకోవాలంటే ముందు వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు ఉండాలి. కేంద్రం ఏడిప్ పథకంలో 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నవాళ్లకు ఉపకరణాలు ఇస్తారు, ఆదాయ పరిమితి ఉంటుంది. కాన్పూరులోని ఆలింకో సంస్థ వాటిని తయారు చేస్తుంది. మోటారు బండ్లు, మోటారు కుర్చీలు తీవ్ర వైకల్యం ఉండి 16 ఏళ్లు నిండినవాళ్లకే. శిబిరానికి పోయినప్పుడు ఇచ్చింది తెచ్చుకోవడంతో సరిపెట్టొద్దు. కొలత తీసే శిబిరం ఒకరోజు, పంచే శిబిరం ఇంకోరోజు ఉంటుంది. కొలత రోజే మనిషిని తీసుకుపోయి, ఇంట్లో తలుపు వెడల్పు కాగితం మీద రాసుకుపోయి చెప్పాలి.

ఇంకో భయం కూడా వింటున్నాను. కుర్చీలో బయట తిరిగితే పింఛను పోతుందని కొందరు మనిషిని మంచం మీదే ఉంచుతున్నారు. మన రాష్ట్రంలో నెలకు 15,000 రూపాయల పింఛను మంచానికి పరిమితమైనవాళ్లతో పాటు చక్రాల కుర్చీకి పరిమితమైనవాళ్లకు కూడా పెట్టారు. కుర్చీలో కూర్చుని అరుగు మీదికి రావడం నేరం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం మనలాంటివాళ్లకు నలుగురిలో బతికే హక్కుందని చెప్పింది. ఎవరైనా బెదిరిస్తే ఒంటరిగా కాకుండా సంఘంతో కలిసి వెళ్లి అడగండి.

సభ ముందు పెట్టే ప్రతిపాదనలు

చివరిగా నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాను. చర్చించి తీర్మానం చేయండి.

ఒకటి. కుర్చీ కోసం వచ్చే అప్పు అర్జీని “ఆదాయం లేని ఖర్చు” అని పక్కన పెట్టొద్దు. నేను చెప్పిన నాలుగు సంగతులు ఒక కాగితం మీద రాయించి, ఇంటికి పోయి చూసి, అప్పుడు నిర్ణయించండి. చేతి కుర్చీ చాలు అని తేలితే అదే చెప్పండి. లక్ష పెట్టించి మూల పెట్టించడం కూడా ఆ ఇంటికి అన్యాయమే.

రెండు. ఆ కాగితం మీద మొదటి సంతకం కుర్చీలో కూర్చునే మనిషిది ఉండాలి. కొడుకుదో, భర్తదో కాదు. మాట రాని పిల్ల అయితే కుర్చీలో కూర్చోబెట్టి అరగంట చూడండి, ముఖమే చెబుతుంది. ఆడవాళ్ల విషయంలో ఇది మరీ అవసరం. “ఆమె ఎక్కడికి పోతుంది, ఇంట్లోనేగా” అని కోడలికో కూతురికో దొరికిందేదో కొనిస్తున్నారు. ఎక్కడికి పోవాలనుందని ఆమెను అడిగినవాళ్లు తక్కువ.

మూడు. వాడకుండా మూలపడ్డ కుర్చీలు ఊరూరా ఉన్నాయి. వీవోఏలు లెక్క రాసుకుని ఇస్తే, బాగు చేయించి, కొలత కుదిరినవాళ్లకు ఇద్దాం. బ్యాటరీ కుర్చీ రిపేరుకు పోయినవాళ్లకు అందులో ఒకటి రెండు అరువు ఇవ్వొచ్చు.

నాలుగు. మన సమాఖ్య భవనానికి ముందు మూడు మెట్లున్నాయి. ఇవాళ నన్ను నలుగురు చెల్లెళ్లు కుర్చీతో సహా ఎత్తి లోపలికి తెచ్చారు. వాళ్లకు నా కృతజ్ఞతలు. పొద్దున టేపు పెట్టి కొలిచాం, మూడు మెట్లూ కలిపి 18 అంగుళాలు. వాలు దారి 18 అడుగులు రావాలి. చెట్టు పక్కన జాగా సరిపోతుంది. ఇసుక, సిమెంటు సమాఖ్య ఇస్తే పని మా దివ్యాంగుల సంఘాల కుటుంబాలు చేస్తాయి. వచ్చే మహాసభకు బ్యాటరీ కుర్చీలో వచ్చేవాళ్లను ఎత్తి తేవడం మీ వల్ల కాదు గదా.

కొలతల కాగితం కావాల్సినవాళ్లు భోజనాల తర్వాత నా దగ్గరికి రండి. టేపు తెచ్చాను.